తర్వాతి T కనబడేదాకా

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. బండ మీద ఎర్రరంగుతో వేసిన T అక్షరాన్ని చూసి, అది దారే అని నమ్మి, మా తూర్దిస్ నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతుందని. కలలో కూడా అదే. దాని వీపు కనబడుతుంది, నీలం ఉన్ని కోటు కనబడుతుంది, పిలుస్తాను, వెనక్కి తిరగదు.

తూర్దిస్ మా పాప. నాలుగేళ్ళది. దాని పేరు T తో మొదలవుతుంది, దానికి వచ్చిన మొదటి అక్షరం కూడా అదే. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో వేసేది. ఒక నిలువు గీత, దాని నెత్తిన ఒక అడ్డ గీత. నేర్పింది వాళ్ళ తాత, అంటే మా మావయ్య హాల్‌గ్రిమ్.

మావయ్య చేసే పని చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా కొండల పైన చెట్టనేది ఉండదు. రాయి, నాచు, మంచు, గాలి, అంతే. దారి కంటికి కనబడదు. అందుకని నడిచేవాళ్ళ కోసం రాళ్ళు కుప్పగా పేర్చి, అందులో పెద్ద రాయి మీద ఎర్ర T వేస్తారు. ఇటు నడవండి అని దానర్థం. మా లోయలో ఆ గుర్తులు వేసేది మావయ్యే. జీతమేమీ లేదు. ఊరి నడక సంఘం వాళ్ళు రంగు డబ్బా, బ్రష్షు ఇస్తారు. ఏడాదికోసారి పిలిచి కాఫీ పోసి, వాఫుల్స్ పెట్టి, చప్పట్లు కొడతారు.

ఆయన పని చేస్తుంటే చూడాలి. ముందు ఇనుప తీగల బ్రష్షుతో రాయి మీది నాచంతా గీకుతాడు. జేబులోంచి పాత చొక్కా గుడ్డ తీసి తుడుస్తాడు. అరచెయ్యి ఆనించి చూస్తాడు, తడి ఉందేమోనని. అప్పుడు నిలువు గీత, తర్వాత అడ్డ గీత. వేసి ఆరాక దానికి వీపు ఆనించి నిలబడి, తర్వాతి కుప్ప కనబడుతోందా అని చూస్తాడు. కనబడకపోతే మధ్యలో ఇంకోటి పేరుస్తాడు. అంతటితో వదలడు. అవతలి కుప్ప దాకా నడిచి, అటునుంచి వచ్చేవాడి కళ్ళతో మళ్ళీ చూసుకుంటాడు.

పొగమంచు దిగిందంటే చాచిన చెయ్యి కనబడదు మాకు. అప్పుడు T ఒక్కటే దిక్కు. అందుకని ఇక్కడ పిల్లలకి మాటలు వస్తుండగానే చెబుతారు. T దగ్గరకి వెళ్ళు. దానికి వీపు ఆనించు. తర్వాతి T వెతుక్కో. కనబడితే వెళ్ళు, కనబడకపోతే కదలకు, ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే ఉండు. మావయ్య దీన్ని తూర్దిస్‌కి ఆటలాగా నేర్పాడు. గొర్రెల కొట్టం నుంచి ఇంటి మెట్లదాకా రాళ్ళ మీద సుద్దతో T లు వేసేవాడు. చివరి T దగ్గర బ్రెడ్డుముక్క, దాని మీద గోధుమరంగు మేకపాల జున్ను పెట్టి ఉంచేవాడు. అది వేటకుక్క పిల్లలా ఒక్కో T కీ వీపు రుద్దుకుంటూ వచ్చి ఆ జున్నుముక్క తినేది. మేమందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

లోకంలో ఆ అక్షరానికి వేరే పనులు కూడా ఉన్నాయని దానికి ఎలా చెప్పడం? దారి పలకల మీద మజిలీ పేరు పక్కన చిన్న t ఉంటుంది, ఇన్ని గంటల నడక అని. నా వంట కాగితాల్లో అదే అక్షరం ఉంటే చెంచా కొలత. మా గడ్డి పారల మీదా, మంచు బండి మీదా, వెన్న తీసే కొయ్య అచ్చు మీదా చెక్కి ఉండేదీ అదే, మధ్యలో ఒక ఏటవాలు గీతతో. అది మా ఇంటి గుర్తు, ఎవరైనా అరువు తీసుకుపోతే తిరిగి ఇవ్వాలని. నా చదువు ఆగిపోయింది కూడా దాని దగ్గరే. పెద్ద బళ్ళో లెక్కలు రెండు రకాలు మాకు, T లెక్కలు కష్టమైనవి. నేను పౌరుషానికి పోయి అవే తీసుకున్నాను. సగంలో ఉండగా తూర్దిస్ కడుపులో పడింది, పుస్తకాలు మూసేశాను. ఇప్పటికీ మా అమ్మ ఎవరితోనైనా మాట్లాడుతూ, మా సిన్నె T లెక్కల దాకా చదివింది అంటుంది.

తూర్దిస్‌కి మాత్రం T అంటే ఒకటే. ఇటు రా అని.

ఇదెంత దూరం పోయిందో నాకు ఓస్లోలో తెలిసింది. మా ఆడపడుచు గున్వోర్ అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. నిరుడు గున్వోర్‌ని చూడ్డానికి వెళ్ళాం. అక్కడ భూమి కింద నడిచే రైలుకి గుర్తు T. ప్రతి మెట్లదారి నెత్తినా గుండ్రటి పలక మీద పెద్ద T ఉంటుంది. నేను సంచీలో చేతిరుమాలు వెతుక్కుంటున్నాను. తలెత్తేసరికి నా పక్కన పిల్ల లేదు. కిందకి పోతున్న మెట్ల మీద నీలం కోటు కనబడింది. నేను దిగేసరికి రైలు తలుపులు తెరుచుకుని ఉన్నాయి, ఇది ఒక కాలు లోపల పెట్టింది. చెయ్యి పట్టి లాగాను. దానికి నా మీద కోపం వచ్చింది. "దారేనమ్మా, చూడు," అంది, పైకి చూపిస్తూ.

గున్వోర్ ఆ మాట పట్టుకుని సాయంత్రమంతా నవ్వింది. మా నాన్న మనవరాలు అనిపించుకుంది, లోకంలో ఎక్కడ పడేసినా ఇల్లు చేరుతుంది అంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాత శరదృతువులో, గొర్రెల్ని కొండ మీంచి దింపుకొచ్చాక, మా కొట్టం వెనక బండ మీద ఎర్ర T చూశాను. సుద్ద కాదు, రంగు. అక్కడ దారేమీ లేదు. కొట్టం వెనక భోజపత్రం చెట్ల తోపు, ఆ తోపు దాటితే జలాశయం. అంతే ఉన్నది. నేను ఆ T కి వీపు ఆనించి నిలబడ్డాను. చిన్నప్పటి అలవాటు, ఆలోచించి చేసింది కాదు. చెట్ల మధ్య నుంచి ఇంకో T కనబడింది. దాని దగ్గరకి వెళితే ఇంకోటి. ఒక్కొక్కటీ శుభ్రంగా గీకి, తుడిచి, తిన్నగా వేసినవి. చివరిది ఒడ్డున, నీళ్ళు తాకుతున్న రాయి మీద ఉంది. సగం నీళ్ళపైన, సగం నీళ్ళకింద.

జలాశయం మావయ్య చిన్నతనంలో కట్టారు, కరెంటు కోసం. అంతకుముందు అక్కడ లోయే. లోయ అడుగున మావయ్య వాళ్ళమ్మ ఎండాకాలం మేకల్ని తోలుకెళ్ళి ఉండే కొండిల్లు ఉండేదట, తూర్‌సెట్ అని. పాలు కాచి జున్ను చేసేది అక్కడే. అక్కడి నుంచి ఏటి మీద కొయ్యవంతెన దాటితే అవతలి కొండకి పాత నడకదారి. ఇల్లూ, వంతెనా, దారీ అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. ఒడ్డున ఆ T చూశాక నాకు అర్థమైంది. మావయ్య తప్పు దారికి గుర్తులు వెయ్యడం లేదు. ఉన్నదారికే వేస్తున్నాడు. కాకపోతే ఆ దారి ఇప్పుడు లేదు.

మా ఐవిన్‌కి, అంటే మా ఆయనకి, అన్నం దగ్గర చెప్పాను. తను బంగాళాదుంప తొక్క తీస్తూ, నాన్నకి చేతులు ఊరుకోవు కదా, ఏదో పాపని ఆడించడానికి వేసి ఉంటాడు అన్నాడు. మీ నాన్న నిన్న నన్ను, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ గురించి, అమ్మ మేకల్ని పితికిందా అని అడిగాడు అన్నాను. అయితే డాక్టరమ్మకి చూపిద్దాంలే అన్నాడు. చూపించాం. ఆవిడ వారం పేరు అడిగింది, చెప్పాడు. గడియారం బొమ్మ వేసి టైం చూపించమంది, స్కేలు పెట్టి గీసినట్టు వేశాడు. పైగా, మీ గోడ గడియారం కాస్త వెనక నడుస్తోందమ్మా అన్నాడు. నిజమే అది. డాక్టరమ్మ నవ్వి, ఈయనకి నాకంటే బుర్ర బాగుంది అని పంపేసింది.

నడక సంఘం పెద్ద షూర్ గారి దగ్గరకి నేనే వెళ్ళాను. ఆయన తన పడవకి తారు పూస్తున్నాడు. కొట్టం వెనక T లు నీళ్ళలోకి పోతున్నాయండీ అని చెప్పాను. బ్రష్షు ఆపకుండానే విన్నాడు.

"హాల్‌గ్రిమ్ వేశాడా?"

"అవునండీ."

"హాల్‌గ్రిమ్ వేస్తే అది దారే అమ్మాయ్."

నేనింకా ఏదో అనబోతే, కొత్త కోడళ్ళకి మామగారి పనులు వింతగానే ఉంటాయి, మా ఆవిడా అంతే అన్నాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు. మా ఊళ్ళో వాతావరణం చెప్పేవాళ్ళని తిట్టుకుంటారు, పాస్టరు గారిని వెక్కిరిస్తారు. T ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఎవరో ఒకరు తడి రాయి మీద మోకాళ్ళ మీద కూర్చుని మన కోసం వేసి వెళ్ళారు, దాన్ని అనుమానిస్తే ఆ మనిషిని అనుమానించినట్టే అని. నేనూ అలాగే పెరిగాను.

అయినా ఒకరోజు వాటిని చెరపడానికి బయల్దేరాను. ఇనుప బ్రష్షు, బూడిదరంగు డబ్బా పట్టుకెళ్ళాను. మొదటిదాన్ని గీకుతుంటే చర్చిలో ఏదో విరగ్గొడుతున్నట్టు అనిపించింది. రెండోదాని దగ్గర ఉండగా వెనక కాళ్ళ చప్పుడైంది. మావయ్య. ఆయన నన్ను తిట్టలేదు. పక్కనే కూర్చున్నాడు.

"దీని మీద నమ్మకం పెట్టుకుని ఎవరో ఒకరు వస్తుంటారు తల్లీ," అన్నాడు. "నువ్వు ఒకటి చెరిపితే వాడు అక్కడే నిలబడిపోతాడు. చలికి పోతాడు."

"దారి లేదు కదా మావయ్యా అటు. నీళ్ళే కదా."

ఆయన చెట్ల మధ్య నుంచి మెరుస్తున్న జలాశయం వైపు చూశాడు. నీళ్ళు కనబడుతున్నాయో లేదో ఆయనకి, నాకు తెలియలేదు. తర్వాత నా చేతిలోంచి బ్రష్షు మెల్లిగా తీసుకుని, నేను గీకినచోట గుడ్డతో తుడిచాడు. మర్నాటికి అన్నీ మళ్ళీ ఎర్రగా ఉన్నాయి, మునుపటికంటే పెద్దగా.

చలికాలమంతా నాకు ప్రాణం హాయిగా ఉంది. రాళ్ళు మంచుకింద పోయాయి. మంచులో మావాళ్ళు T లు చూసి నడవరు, కొమ్మలు పాతిన దారిలో స్కీల మీద పోతారు. కానీ చలికాలంలో ఇంకోటి జరుగుతుంది. కరెంటు కోసం జలాశయం కింద నుంచి నీళ్ళు తోడేస్తారు. పైన మంచుగడ్డ అలాగే ఉంటుంది, కింద ఖాళీ అయిపోతుంది. వసంతం వచ్చేసరికి నీళ్ళు ఎక్కడో అడుగున ఉంటాయి, ఒడ్డంతా బూడిదరంగు బురద. నీళ్ళకింద ఉన్నవన్నీ బయటపడతాయి. చెట్ల మొద్దులు, రాతికంచె, తూర్‌సెట్ ఇంటి పునాది రాళ్ళు. పాత దారి రాళ్ళ కుప్పలు కూడా. కొండల మీద మంచు కరగడం మొదలైతే మళ్ళీ నిండుతుంది, అది కూడా ఒక్క ఊపున. పొద్దున బురదలో పాతిన కర్ర సాయంత్రానికి కనబడదు.

మే నెలలో వచ్చే జాతీయ పండగకి తూర్దిస్‌కి ఎర్రగౌను వేసి, చేతికి జెండా ఇచ్చి ఊరేగింపుకి తీసుకెళ్ళాం. మావయ్య మంచి కోటు తొడుక్కున్నాడు. బడి ముందు అందరూ పాట పాడుతుంటే ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. చొక్కా అంచుకి ఎర్రరంగు అంటి ఉంది. తడిది. పక్కన షూర్ గారు కూడా చూశాడు, చూసి మురిసిపోయాడు. "పండగ పూట కూడా పని వదలవేమయ్యా," అన్నాడు. మావయ్య, "అమ్మ గుమ్మం దాకా తెచ్చాను. ఒకటి రెండు మిగిలాయి," అన్నాడు. షూర్ గారికి ఆ మాట సగమే వినబడినట్టుంది. నాకు మొత్తం వినబడింది.

ఆ నెలాఖరున, గొర్రెలు ఈనే రోజుల్లో జరిగింది. ఐవిన్ పగలూ రాత్రీ కొట్టంలోనే. నేను పెనం మీద పల్చటి రొట్టెలు కాలుస్తున్నాను. అది వదిలి కదలడానికి లేని పని. తాతా మనవరాలూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు, తలుపు సందులోంచి వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. కోకిల ఏ దిక్కు నుంచి కూస్తే ఏమవుతుందో చెబుతున్నాడాయన. ఒక రొట్టె అంటుకుపోయింది, దాన్ని ఊడదీస్తూ మాటలు ఆగిపోవడం గమనించలేదు. బయటికి వచ్చేసరికి మెట్లు ఖాళీ. రంగు డబ్బా పెట్టే చోట గుండ్రటి ఎర్ర మరక ఒక్కటే ఉంది.

నేను పిలవలేదు. ఎటు వెళ్ళారో తెలుసు కదా. పరుగెత్తాను.

ఎంత బాగా వేశాడో ఆ దారి. ఇది చెప్పకుండా ఉండలేను. ఒక T దాటగానే తర్వాతిది కళ్ళకి కొట్టినట్టు కనబడుతుంది. ఎక్కడా ఆగి వెతుక్కోనక్కర్లేదు. కాలు జారకుండా, తడి లేని చోటునుంచి, మలుపు దగ్గర రెండు వైపులా. నా భయం కూడా ఆ గుర్తులు పట్టుకునే పరుగెత్తింది. తోపు దాటి ఒడ్డుకి వచ్చాను. కిందకి చూస్తే, ఆ బూడిదరంగు బురదలో, ఒకదాని వెనక ఒకటి, కొత్త రంగుతో ఎర్రగా, లోయ అడుగుకి దిగిపోతున్నాయి.

చివరి T దగ్గర నీలం కోటు ఉంది.

నేను దిగాను. బురద చీలమండలు పట్టుకుంటోంది, దారి రాళ్ళ మీద కాలు పడితే గట్టిగా ఉంటోంది, పక్కకి తప్పితే లోపలికి లాగుతోంది. అది రాయికి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. అరుస్తూ వచ్చిన నన్ను చూసి కూడా కదల్లేదు. "తాత కదలొద్దన్నాడు. తర్వాతిది ఇంకా వెయ్యలేదు," అంది.

ఎత్తుకున్నాను. కోటు వీపు మీద T పడింది, తడి రంగు అంటుకుని. నా భుజానికి కూడా అంటింది.

మావయ్య ఇంకా ముందున ఉన్నాడు, తూర్‌సెట్ పునాది రాళ్ళ మధ్య, మోకాళ్ళ దాకా బురదలో. పిలిచాను. తిరిగి చూసి చెయ్యి ఊపాడు. తీరిగ్గా నడిచి వచ్చాడు, ఎక్కడ రాయి ఉందో ఎక్కడ లేదో పాదాలకి తెలిసినట్టు, ఒక్కసారి కూడా తూలకుండా. మొహం వెలిగిపోతోంది. డబ్బా చూపించి, రంగు అయిపోయింది తల్లీ, వంతెన దగ్గరది రేపు వేస్తాను అన్నాడు. తర్వాత మామూలుగా, ఇంటికి చుట్టాలొచ్చిన కబురు చెప్పినట్టు అన్నాడు.

"ఒకబ్బాయి ముందు వెళ్ళాడు. పాపం ఎంతో దూరం నుంచి వచ్చాడు. వంతెన దాటితే దారి దొరుకుతుందని చెప్పాను."

ఎవరు మావయ్యా అన్నాను. ఆయన తలెత్తి ఆకాశం చూస్తున్నాడు. జవాబు తూర్దిస్ చెప్పింది. పసుపు సంచీ అంకుల్ అంది. పిడికిలి విప్పి చూపించింది. అందులో చాక్లెట్టు కాగితం, దాని మీద మా భాష కాని అక్షరాలు. తనకి రెండు ముక్కలు ఇచ్చాడట. వాళ్ళ మాటల్లో ఏదో అన్నాడట, నవ్వాడట. T ని చూపించి, దీన్ని చూపించి, బొటనవేలు పైకెత్తాడట.

అప్పుడు చూశాను అడుగులు. బూటు అడుగులు, లోతుగా, పెద్దవి. మేం నిలబడ్డ రాయి పక్కనుంచి వెళ్ళి, పునాది రాళ్ళు దాటి, ఏరు ఉండే వైపుకి వెళ్ళాయి. అక్కడ ఇంకా మంచుగడ్డ మిగిలి ఉంది, నల్లగా, ఉబ్బి. అడుగులు దాని అంచుదాకా కనబడుతున్నాయి. వెనక్కి వచ్చిన అడుగులు నాకు కనబడలేదు. అలా అని లేవని చెప్పలేను. నా చంకన పిల్ల ఉంది. ఇంకో చేత్తో మావయ్య చెయ్యి పట్టుకుని ఉన్నాను. కాళ్ళ దగ్గర రాళ్ళ మధ్య నుంచి నీళ్ళు సన్నగా ఊరడం మొదలైంది. గట్టిగా అరిచాను, ఎవరండీ అక్కడ అని. లోయ నా గొంతే తిరిగి ఇచ్చింది. వీళ్ళిద్దర్నీ తీసుకుని పైకి వచ్చేశాను.

ఐవిన్ పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి వడగళ్ళతో వాన, అడుగులు లేవు. మర్నాడు హెలికాప్టరు తిరిగింది. ఏమీ కనబడలేదు. ఎవరైనా తప్పిపోయినట్టు ఫిర్యాదు లేదు, మనిషి కనబడటం లేదని ఎవరూ అడగలేదు. చూసినవాళ్ళెవరు అని అడిగారు. మతి చెడిన ముసలాయన, నాలుగేళ్ళ పాప అని రాసుకున్నారు. ఆ మతి చెడటం అనే మాట వాళ్ళ నోటి నుంచి మొదటిసారి వింటూ ఐవిన్ తల దించుకున్నాడు. నేను చాక్లెట్టు కాగితం ఇచ్చాను. ఇది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది అన్నారు. వారం తిరిగేసరికి జలాశయం నిండిపోయింది.

షూర్ గారు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఐవినూ ఆయనా కలిసి తోపులో రాళ్ళన్నీ దొర్లించారు, ఎర్రటి వైపు నేలకి పోయేలాగా. రంగు మాత్రం పుయ్యలేదు, T ని చెరపడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. పని అయ్యాక షూర్ గారు మా వంటింట్లో కూర్చున్నాడు. కాఫీ ముట్టలేదు. అవతల ఒడ్డు నుంచి రోడ్డు దగ్గరే కదా, పైకి ఎక్కి బస్సు పట్టుకుని ఉంటాడు అన్నాడు. పాపం ఎవరో విదేశీ కుర్రాడు, ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో అన్నాడు. కిటికీలోంచి నీళ్ళ వైపు చూడకుండా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు.

మావయ్య ఇప్పుడు పగలు కూడా పడుకునే ఉంటున్నాడు. లేస్తే చేతులు చూసుకుంటాడు. రంగు ఇవ్వడం లేదు మేము. ఒక్కోసారి నన్ను పిలిచి, వంతెన దగ్గర ఒకటి వెయ్యాలి తల్లీ, వాడు అక్కడే నిలబడి ఉంటాడు అంటాడు. మంచుకాలం వచ్చి వెళితే నీళ్ళు మళ్ళీ దిగుతాయి. నీళ్ళ కింద ఉన్న T లని ఎవరూ తిప్పలేదు. ఆయన రంగు ఊడదు, అంత బాగా తుడిచి వేస్తాడు. అవి మళ్ళీ పైకి తేలతాయి. వాటితో పాటు ఇంకేం తేలుతుందో అని ఆలోచించకుండా ఉండటానికి నేను ఇల్లు కడుగుతుంటాను. తూర్దిస్‌ని చెయ్యి వదలను, గుమ్మం దగ్గర కూడా.

అది మాత్రం నిన్న కాగితం మీద T లు వేసింది, ఒకదాని కింద ఒకటి. సగంలో ఆపేసింది. కింద అంతా ఖాళీ. ఏమే, అయిపోయిందా అన్నాను. అయిపోలేదు అంది. "ఆ అంకుల్‌కి తర్వాతిది కనబడిందా అమ్మా?"

అందుకే ఇది రాస్తున్నాను. అతను ఏ దేశం మనిషో, ఏ భాష మాట్లాడతాడో నాకు తెలియదు. ఇది ఎవరి చేతిలో పడుతుందో కూడా తెలియదు. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ, మే నెలాఖరున మా కొండలకి నడవడానికి వచ్చిన అబ్బాయి ఎవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకోండి. సన్నగా, పొడుగ్గా ఉంటాడట. పసుపు సంచీ, ఆకుపచ్చ ఊలు టోపీ. ఒంటరిగా ఉండేవాడయి ఉండాలి, లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు అడిగేవారు. ఊరు మారాడులే, ఫోన్ ఎత్తడంలేదులే, వాడంతేలే అని మీరు ఊరుకుని ఉంటారు. ఊరుకోకండి. ఒక్కసారి వెళ్ళి తలుపు కొట్టండి. తీస్తే గుమ్మం పక్కన విడిచిన బూట్లు చూడండి. ఒక బూటుకి నల్ల తాడు, ఒక బూటుకి ఎర్ర తాడు ఉంటుందని మా పాప చెప్పింది. అతనే అయితే మాకు కబురు చెయ్యండి. తలుపు తియ్యకపోతే, అప్పుడూ చెయ్యండి.